నలభై మెడలు

వీరరాఘవయ్యకు ఏ పనీ చెప్పకూడదు. చెబితే చేసేస్తాడు. లీలాకుమారికి ఆయనతో ఉన్న బాధల్లా అదే. పని ఎగ్గొట్టే మొగుళ్ల గురించి చెప్పుకోవాలంటే ఫిల్మ్‌నగర్‌లో వాళ్లుండే అపార్టుమెంటులో ప్రతి అంతస్తులోనూ ఒక తోడు దొరుకుతుంది. పని చేసిపెట్టే మొగుడి మీద చాడీ చెబితే మాత్రం వినే నాథుడు లేడు.

కరివేపాకు రెండు రెమ్మలు తెమ్మంటే వేర్లతో సహా చెట్టు వచ్చింది. గృహప్రవేశానికి ఆవు కావాలంటే ఆవూ వచ్చింది. కాకపోతే అది అప్పటికే ఐదు సినిమాలు చేసిన ఆవు. గడప ముందు నిలబడి, ఎవరో 'యాక్షన్' అనేదాకా కాలు కదపలేదు. చివరికి పంతులుగారే మంత్రం ఆపి, మొహమాటపడుతూ ఆ మాట కూడా అన్నారు.

పాపం, ఆయన వృత్తి అలాంటిది. సినిమావాళ్లు మద్రాసులో ఉన్నప్పటి నుంచీ ప్రొడక్షన్ మేనేజరు. డైరెక్టరు వాన అంటే వాన, పెళ్లి అంటే మూడొందలమంది బంధువులు, పొద్దున్న ఆరింటికల్లా తలంట్లు పోసుకుని సిద్ధం. 'ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?' అని అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఆ వృత్తికే ఇంకో ధర్మం కూడా ఉంది, తప్పు ఒప్పుకోకపోవడం. షూటింగు ఆలస్యమైతే వాన వల్ల. వాన లేకపోతే జనరేటరు వల్ల. "మేనేజరు 'నా తప్పు' అన్నాడంటే ఆ రోజుకి ప్యాకప్పే లీలా," అనేవాడు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా ఆ మాట ఇంట్లో కూడా వినబడలేదు.

అలాంటి మనిషి చెవిన లాస్య మాట పడింది.

లాస్య వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఫిజియోథెరపీలో పీజీ ఆఖరి ఏడు. థీసిస్ ఇస్తేనే పరీక్షకి కూర్చోనిస్తారు. మాదాపూర్ వైపు నెలకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలందరికీ మెడలు పట్టేస్తున్నాయి. లాస్య పరిశోధన ఆ మెడల మీదే. మెడనొప్పి ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నలభైమంది కావాలి. చీట్లు తీసి సగంమందికి మెడ వ్యాయామాలు నేర్పాలి. మిగతా సగానికి 'నిటారుగా కూర్చోండి' అని అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టి పంపాలి. నాలుగు శనివారాలు అందరూ వచ్చి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేయాలి. వ్యాయామం చేసినవాళ్లకి ఎక్కువ తగ్గితే వ్యాయామం పనిచేసినట్టు.

వినడానికి బాగానే ఉంది. మెడలు బోలెడు దొరికాయి గాని, వాటితో పాటు రావలసిన మనుషులే దొరకలేదు. ఒకడికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. ఇంకొకడికి రాత్రంతా అమెరికా వాళ్లతో ఫోన్లు. ఒకమ్మాయి ఏకంగా ఆన్‌సైట్ అని ఆ అమెరికాకే వెళ్లిపోయింది, మెడతో సహా.

"ఈ నెలలో నలభైమంది దొరక్కపోతే ఈ ఏడు పరీక్ష లేనట్టేనమ్మా," అంది లాస్య, ముందున్న పెసరట్టు ముట్టకుండా.

"మెల్లిగా అనవే, మీ నాన్న వింటే..."

"ఎంతమంది కావాలీ?" అని హాల్లోంచి కేక వినబడింది.

"నలభై నాన్నా. కానీ వాళ్లు..."

"ఆడా, మగా?"

"ఇద్దరూ. కానీ సాఫ్ట్‌వేర్..."

"ఎన్నింటికి రావాలి?"

లీలాకుమారి అట్లకాడ పక్కన పెట్టి నుదురు పట్టుకుంది.

జూబ్లీహిల్స్‌లో కాలేజీవాళ్లకి ఒక క్లినిక్కు ఉంది. మొదటి శనివారం అక్కడికి ఏడింటికి రమ్మంటే, ఆరూ యాభైకే నలభైమందీ వరసలో నిలబడ్డారట. తెలిసినవాళ్ల కంపెనీ అన్నాడు వీరరాఘవయ్య. లాస్య ఆ సంతోషంలో ఏ కంపెనీ అని రెండోసారి అడగలేదు. పైగా ఆ పిల్లకి ఒక గుణముంది, మనుషుల్ని చూడదు, మెడల్నే చూస్తుంది. "ఇలాంటి పేషెంట్లు ఎవరికీ దొరకరమ్మా! మెడ తిప్పమంటే తిప్పకముందే కళ్లలో నీళ్లు! మా జూనియర్లకి చూపించడానికి కూడా పిలిచాను," అని మురిసిపోయింది. లీలాకుమారికి ఒక్కచోటే ముల్లులా గుచ్చుకుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు, అదీ శనివారం పొద్దున్న, చెప్పిన టైముకన్నా ముందే వచ్చారా?

నాలుగో శనివారం లాస్యకి సాయముండే స్నేహితురాలు జ్వరంతో పడుకుంది. అంకెలు రాసుకోవడానికి లీలాకుమారి వెళ్లింది. ఆవిడ గుంటూరులో బీయస్సీ స్టాటిస్టిక్స్ చదువుకుంది. ఆ చదువు ఇన్నేళ్లూ బియ్యం డబ్బాకి తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు.

అందరి మెడల్లోనూ నీలం రిబ్బను, దానికో గుర్తింపు కార్డు. అందరి బూట్లూ కొత్తవే, కొందరివి ఒక సైజు పెద్దవి. మొదట వచ్చి కూర్చున్న జంగయ్యకి యాభై దాటి ఉంటాయి. మీసానికి రంగు నిన్ననే వేసినట్టుంది.

"ఏం చేస్తుంటారండీ?"

"సాఫ్ట్‌వేర్ మేడమ్."

"అందులో ఏం పని?"

"కంప్యూటర్ ముంగట కూసుంట."

"కూర్చుని?"

"గంతే మేడమ్. ఆన్ చెయ్యనియ్యరు." జంగయ్య గొంతులో పాత బాధేదో పలికింది. "హీరో నడుసుకుంట పోతుంటే జర తలెత్తి చూడాలె. గదే పని."

లీలాకుమారి ఆయన మెడలో కార్డు తిప్పి చూసింది. వెనకాల పసుపు కాగితం అంటించి ఉంది: 'ఆఫీసు సెట్టు, బ్యాక్‌గ్రౌండు, 17'.

పాత కాగితాలు తిరగేసింది. ఎనిమిది, ఆరు, నాలుగు. కింద కాగితం మీదా అంతే. దాని కింద దాని మీదా అంతే. వ్యాయామం చేసినవాళ్లకీ అంతే, ఉత్త కాగితం తీసుకున్నవాళ్లకీ అంతే. ఒకే గిన్నెలో ఉప్మా ఇంట్లో ముగ్గురికి పెడితే ఒకరికి ఉప్పు ఎక్కువ, ఒకరికి తక్కువ, ఒకరికి అసలు ఉప్మాయే ఎక్కువ. అలాంటిది నలభై మెడలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వారానికి రెండేసి మెట్లు దిగుతున్నాయా?

తర్వాత వచ్చినామె మల్లమ్మ. బోరబండ మనిషి. కార్డు మీద 'టీమ్ లీడర్' అని ఉంది. ఎడమచేత్తో మెడ వెనక నొక్కుకుంటూ కుడిచేత్తో రెండు అని వేసింది.

"నొప్పి ఉన్నట్టుందే?"

"ఉన్నదమ్మా. మొన్న పాటల మూడు దినాలు నెత్తి మీద ఇత్తడి బిందె పెట్టి నిలబెట్టిన్రు. హీరోయిన్‌కు స్టెప్పు రాలే. ముప్పై టేకులు. ఆమెది ప్లాస్టిక్ బిందె. ఎనక మావి మెరవాలంట, ఇత్తడివి ఇచ్చిన్రు."

"మరి రెండు వేశావేం?"

"ఇయ్యాల రెండే గదమ్మా!" ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది మల్లమ్మ. "మొదటి వారం ఎనిమిది, గటెంక ఆరు, నాలుగు, ఆఖరికి రెండు. మేనేజర్ సారు చెప్పిండు. నొప్పి నాది గనీ, లెక్క సారుది."

"పోనీ వ్యాయామాలైనా చేశావా?"

"నా చీటీకి కాయిదం వచ్చింది. నాకు సంతకం తప్ప చదువు రాదు. మంచి కాయిదమే, దేవుని పటం కాడ పెట్టిన."

లీలాకుమారి ఆ రెండుని అలాగే రాసుకుంది. ముందు మొగుడికి ఒక అవకాశం ఇవ్వాలనుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల నుంచీ ఇస్తూనే ఉంది, ఇంకొకటి పెద్ద లెక్కలోది కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లాస్య కాగితాలన్నీ పరిచి కూడింది, భాగించింది, తల బల్ల మీద వాల్చేసింది.

"నా వ్యాయామాలు దేనికీ పనికిరావమ్మా. ఉత్త కాగితం తీసుకున్నవాళ్లకి కూడా అచ్చంగా అంతే తగ్గింది. ఒక్క పాయింటు తేడా లేదు!"

గోంగూర కలుపుతున్న వీరరాఘవయ్య చెయ్యి ఆగిపోయింది. కూతురి కళ్లలో నీళ్లు ఆయన చూడలేడు. "అయ్యో పిచ్చితల్లీ, ఏ సగానికి తగ్గకూడదో ముందే చెప్పి ఉంటే వాళ్లని ఆపేవాణ్ణి కదా!"

లాస్య బల్ల మీద నుంచి తలెత్తింది.

"ఎవర్ని ఆపేవాడివి నాన్నా?"

"చెప్పండి, చెప్పండి," అంది లీలాకుమారి నెయ్యి వడ్డిస్తూ. "నేను ఇక్కడ లేననుకోండి."

ఆయన చెప్పాడు. దాచడానికేముంది అన్నట్టే చెప్పాడు. నలభైమంది కావాలంది, తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ అంది, మొన్నటి ఆఫీసు సెట్టులో కార్డులూ బూట్లూ ఖాళీగానే ఉన్నాయి. తగ్గాలంది, తగ్గించాడు. ఎవరైనా ఇంతకన్నా ఏం చేస్తారు?

"అది పరిశోధన నాన్నా! దాన్ని చూసి రేపు మనుషులకి వైద్యం చేస్తారు!"

"సరేలే, ఇప్పుడేం మునిగిపోయింది? మీ మేడమ్‌కి కంప్యూటర్లో వైరస్ పడి లెక్కలన్నీ పోయాయని చెబుదాం. లేదా వాన."

"వానేంటి నాన్నా?"

"ఏదో ఒకటి. వాన ఎప్పుడూ పనికొస్తుంది."

సోమవారం పొద్దున్న ముగ్గురూ కాలేజీకి వెళ్లారు. లీలాకుమారి దారిలో మల్లమ్మని కూడా ఎక్కించుకుంది. ఎటూ వెళ్తున్నాం, నిజంగా నొప్పి ఉన్న మెడ ఒక్కటైనా ఆ డాక్టర్లు చూడాలి కదా అని.

లాస్య గైడు డాక్టర్ శారదాదేవి. గదిలోకి వచ్చేవాళ్ల మొహం కన్నా ముందు వెన్నెముక చూస్తుంది. ఆమె ముందు నలుగురూ తమకు తెలియకుండానే నిటారుగా నిలబడ్డారు. శనివారమే క్లినిక్కు నుంచి వచ్చిన అంకెల నకలు అప్పటికే బల్ల మీద ఉంది.

"చూశాను లాస్యా. కాగితంతోనే ఇంత తగ్గుతుంటే క్లినిక్కులో వ్యాయామాలు నేర్పే ఇద్దరమ్మాయిలూ మనకెందుకు? వచ్చే వారం నుంచి మెడనొప్పికి అందరికీ కాగితమే ఇచ్చి పంపేద్దామనుకుంటున్నా."

"వద్దు మేడమ్!" అనేసింది లాస్య. "వాళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. ఆ అంకెలు నిజం కాదు."

శారదాదేవి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఈ కాగితాలు చెత్తబుట్టలోకి. అది తేలిక. కానీ నేను కమిటీకి రాయాలి. తెలిసి చేశావా, నీ సీటు పోతుంది. నిన్నెవరైనా మోసం చేశారా, ఆరు నెలలు గడువు ఇప్పిస్తా, మళ్లీ మొదటి నుంచి చేసుకో. రెండింట్లో ఏది?"

లాస్య నేల చూసింది. తండ్రి పేరు చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదు.

వీరరాఘవయ్య గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇందులో కొంత సమన్వయలోపం జరిగిందండీ. ఆ శనివారం వాన..."

"శనివారం వాన పడలేదు."

"అంటే, జనరేటరు..."

లీలాకుమారి ఆయన వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆవిడకే తెలియదు.

అప్పుడు మల్లమ్మ ఒక అడుగు ముందుకేసింది, చెయ్యి మెడ మీద నుంచి తీయకుండానే. "తప్పు నాదే మేడమ్. అందరికి తగ్గింది, నాకే తగ్గలే. తగ్గకున్నా రెండు అని రాసిన. పాపను ఏమనకున్రి."

"తగ్గకుండా రెండని ఎవరు రాయమన్నారమ్మా?"

మల్లమ్మ వీరరాఘవయ్య వైపు ఒక్కసారి చూసింది. రేపు షూటింగుకి పిలుపు రావలసింది ఆయన దగ్గర్నుంచే. చూపు తిప్పి గోడ మీద వేలాడుతున్న అస్థిపంజరం బొమ్మ వైపు చూసింది. "యాది లేదు మేడమ్."

గ్లిజరిన్ లేకుండా కన్నీళ్లు పెట్టగల మనిషి ఆమె. కానీ అంత చెడ్డ నటన ఎన్నడూ చేసి ఉండదు. శారదాదేవి ఒక్క క్షణం కూడా నమ్మలేదు. నెమ్మదిగా వీరరాఘవయ్య వైపు తిరిగింది.

"ఈ నలభైమందిని ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. వీరరాఘవయ్య చూపు మల్లమ్మ మెడ మీద ఉన్న చేతి దగ్గర ఆగిపోయింది. డైరెక్టరు బిందెలు మెరవాలి అని మాత్రమే అన్నాడు. ఇత్తడి బిందెలు తెప్పించింది తను.

"కృష్ణానగర్ నుంచండీ, సినిమాల్లో గుంపులో కనబడేవాళ్లు. కొంతమంది బోరబండ. నేనే తెచ్చాను. అంకెలూ నేనే చెప్పాను. మా అమ్మాయికి ఏమీ తెలీదు." మల్లమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఈమె నెత్తి మీద బిందె కూడా నేను తెచ్చిందేనండీ."

అలవాటు చొప్పున ఒకసారి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది, సాయానికి ఒక్క మబ్బు లేదు. పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, కరెంటుకీ ఏ లోటూ లేదు.

"నాదే తప్పు," అన్నాడు వీరరాఘవయ్య.