సుజానా ఒప్పుకున్న పాపం

చింతపల్లి కొండమీద కాఫీ పళ్లు కోసే రోజుల్లో సుజానా కాలికి కత్తి దిగింది. తోటలో ఎవరికైనా తగిలే దెబ్బే, పది రోజుల్లో మానే దెబ్బే. ఆమెకు మాత్రం నాలుగు నెలలైనా మానలేదు సరికదా, లోపలికి తినేస్తోంది.

సబ్‌సెంటరు నర్సు స్వర్ణ కట్టు విప్పింది. కంపు కొట్టినా ముక్కు మూసుకోలేదు.

"ఇరవయ్యెనిమిదేళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలూ తీయించేసుకున్నావు కదక్కా. దెబ్బ పూడ్సడానికి ఒంట్లో మూలకణాలుంటాయి. కొత్త సర్మం అవే పుట్టిత్తాయి. వాటిని తట్టి లేపేవాటిలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఒకటి. అది ఊరే సోటే కోయించేసేవు. అందుకే ఇంత నెమ్మది. సీము ఎముకదాకా పోతంది. బేగి పెద్దాసుపత్రికెళ్లు, నేకపోతే కాలు తీసేత్తారు."

కోయించుకున్నది తన ఇష్టంతో కాదు. నెలనెలా మూడ్రోజులు పని చెడుతోందని మొగుడు టైటస్సే ఆ ప్రైవేటు డాక్టరుతో "అన్నీ తీసేయండి" అన్నాడు. ఇప్పుడు ఆసుపత్రి మాటెత్తితే ఆ మనిషే మీద పడుతున్నాడు.

"మానని పుండంటే దాసిన పాపమే. సంగంలో ఒప్పుకో. ఆ తరవాతే ఆసుపత్రికి జీపెక్కుదువు."

ఆదివారం దాకా వెతుక్కుంది. పాపం దొరకలేదు. ఇన్నేళ్లు బతికి ఒక్కటైనా చేసుకోలేకపోయానే అని తనమీద తనకే ఒళ్లు మండింది. మగవాడి ఊసెత్తితే మొగుడు ఇంట్లోంచి గెంటేస్తాడు, దొంగతనమంటే తోటలోకి రానివ్వరు. చివరికి అన్నిటిలోకీ చిన్నదనుకున్నది ఎంచుకుంది. బాప్తిస్మం పుచ్చుకున్న ఇళ్లలో కూడా బిడ్డకు బాగోలేకపోతే చాటుగా చేసే పనే అది.

ప్రార్థన మధ్యలో లేచి నిలబడింది. "మా గుంటకి జొరమొచ్చినప్పుడు సాటుగా అమ్మోరికి కోడిని కోసేను."

సంఘమంతా "స్తోత్రం!" అని గొల్లుమంది. టైటస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాస్టరుగారు ఆమె తలమీద చెయ్యి పెట్టి, నలభై రోజుల ఉపవాసం ప్రకటించారు.

బయట జీపు కదలడానికి సిద్ధంగా ఉంది. సుజానా కుంటుకుంటూ అటు నడిచింది.

"ఎక్కడికే?" టైటస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "జబ్బేటో తెలిసిపోయింది కదా. ఇంకా డాక్టరెందుకు?"

"అబద్దం సెప్పేను. నేనే కోడినీ కొయ్యనేదు."

"సూసేరా అయ్యగారూ, సాతాను మళ్లీ ఎలా లాక్కుంటన్నాడో!"

పాస్టరుగారు మళ్లీ ఆమె తలమీద చెయ్యి పెట్టి, నలభైని ఎనభై చేశారు. ఆమె ఎక్కకుండానే జీపు ఘాట్ రోడ్డు దిగిపోయింది.