దొరసాని జవాబు

వదిన పనిచేసేది కట్టుడు పళ్ళ ల్యాబులో. డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. నిజానికి ల్యాబులో ఆమె ఎవరికీ వదిన కాదు. ఒకరోజు ఆడపడుచు వచ్చి గుమ్మంలోంచి "వదినా!" అని గట్టిగా కేకేసింది. అంతే, ఆ పిలుపు అందరి నోళ్ళకీ అతుక్కుపోయింది. ఆఖరికి ఆమెకంటే ఎంతో పెద్దవాడైన ల్యాబు యజమాని కూడా "వదినగారూ, ఈ పైపళ్ళ సెట్టు ఇవాళ అయిపోవాలండీ" అనేవాడు.

ఆ ఆడపడుచుని ఇంట్లో చిట్టి అంటారు. వదిన కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో చిట్టి స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయిన పిల్లకి ఫ్యాను తిరిగినా విసుగే, తిరక్కపోయినా విసుగే. ఆ పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో తెలియక వదిన ఒక కథ మొదలుపెట్టింది. సముద్రం మధ్య ఒక కోట. ఆ కోటకి ఒక దొరసాని.

"ఆ దొరసాని నేను," అంది చిట్టి వెంటనే.

"మరి నేను?"

"నువ్వు తలుపులు కాసే కావలిమనిషివి."

"బాగుందమ్మా, కథలోనూ నాకు చాకిరీయేనా!" అని వదిన నవ్వింది గానీ, కావలిమనిషి ఆమెకి నచ్చింది. నడుముకి తాళాల గుత్తి, తలెత్తి నడిచే నడక, తూచినట్టు మాట్లాడే మాట. తను ఎప్పుడూ అలా ఉండలేకపోయింది.

కాలి కట్టు విప్పారు గానీ కథ ఆగలేదు. చిట్టికి పెళ్ళయి ఊరికి అవతలి వైపు కాపురం పెట్టి, మందుల షాపులో ఉద్యోగంలో చేరాక ఆట ఫోన్లోకి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ షాపు షట్టరు సగం దించి, చిట్టి దొరసాని మాటలూ చేతలూ రాసి పంపేది. ఇక్కడ వదిన ప్లాస్టర్ చేతులు కడుక్కుని, దానికి కావలిమనిషి ఏమందో, ఏం చేసిందో రాసేది. ఒకరి మనిషి నోట్లో ఇంకొకరు మాటలు పెట్టకూడదన్నది ఒక్కటే నియమం. అలా ఏళ్ళు గడిచాయి. కోటలో కరువొచ్చింది, పురుళ్ళయ్యాయి, ఒక గోడ కూలితే మళ్ళీ కట్టారు. ఏ పండగకి ఎవరు ఎవరింటికి వెళ్ళారో వదినకి గుర్తుండేది కాదు గానీ, కోటలో ఏ గదికి ఏ తాళమో అడిగితే నిద్రలో కూడా చెప్పేది.

ఆ వానాకాలంలో ఆమె భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తన ఆఫీసులోనే పనిచేసే ఒకావిడతో ఉండబోతున్నానని బట్టలు సర్దుకుంటూ చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చొక్కాల మడత నలగకుండా పెట్టెలో పేర్చుకుంటుంటే వదిన గుమ్మానికి ఆనుకుని చూసింది. వాటిని ముందురోజు ఇస్త్రీ చేసింది తనే.

విషయం తెలిసి చిట్టి పరిగెత్తుకొచ్చింది. వదినని వాటేసుకుని బావురుమంది. అన్నయ్యని నోటికొచ్చినట్టు తిట్టింది. "వాడు నాకు అన్నే కాదు. నువ్వే నా తోడబుట్టినదానివి" అంది. అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. వదినకి ఆ రోజుల్లో ఇంకే ఆసరా లేదు. పుట్టింట్లో ఉన్న ఒక్క అక్కా "సర్దుకుపోయి ఉంటే ఇంతవరకూ వచ్చేదా?" అని ఫోన్లో ఒక మాట విసిరి ఊరుకుంది.

అప్పటికి వాళ్ళ కథ ఒక ఇరుకైన చోట ఆగి ఉంది. శత్రువుల పడవలు కోటలోకి వచ్చేశాయి. నీటివైపు తలుపుని లోపలి మనిషే ఎవరో తీశారు. ఎవరన్నది ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. కావలిమనిషి వచ్చి దొరసాని గదిలో నిలబడింది. ఇప్పుడు నోరు విప్పాల్సింది ఆమె.

కొన్నాళ్ళు పోయాక చిట్టి అంది: "మళ్ళీ మొదలుపెడదాం వదినా. నీ మనసు కాస్త మళ్ళుతుంది."

వదిన సరేనని ఫోను చేతిలోకి తీసుకుంది. 'కావలిమనిషి' అని రాసి ఆగింది. చెరిపేసింది. 'ఆమె తడి బట్టలతో' అని మొదలుపెట్టి అదీ చెరిపేసింది. మర్నాడూ అంతే. వారమంతా అంతే. ఇంతకు ముందు కుళాయి తిప్పినట్టు వచ్చే మాటలు ఇప్పుడు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటున్నాయి.

"నోరు పెగలడం లేదే" అని పంపింది.

"ఎవరికి? నీకా, ఆవిడకా?"

"ఇద్దరికీనూ."

చిట్టి వదిలిపెట్టే రకం కాదు. ఎక్కడెక్కడో వెతికి, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చదివి, మందు చీటీ రాసిచ్చినట్టు చెప్పేది. "బాగా రాయాలని చూడకు, చెత్తగా రాయి." వదిన చెత్తగా రాయడానికీ చూసింది, రాలేదు. "ఈ ఘట్టం వదిలెయ్, మర్నాడు పొద్దున్నించి రాయి." రాలేదు. "నేనొక చేపలవాణ్ణి తెస్తాను, వాడితో మాట్లాడించు ముందు." చేపలవాడు వచ్చాడు. వాడితో కావలిమనిషి వాన గురించీ వల గురించీ కాసేపు మాట్లాడింది కూడా. వదిన ప్రాణం లేచొచ్చింది. కానీ చేపలవాణ్ణి పంపించేసి దొరసాని వైపు తిరగ్గానే మళ్ళీ నాలుక మొద్దుబారింది.

"పోనీ ఒక్క వాక్యం వదినా. ఒక్కటంటే ఒక్కటి. ఆవిడకి ఇప్పుడేం కావాలో అది రాయి చాలు," అంది చిట్టి.

ల్యాబులో పక్క బల్ల ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. "ఇంకా మాట్లాడలేదా మీ కాపలా ఆవిడ? ఇదుగో, ఈ సెట్టు పెట్టి చూడు, పళ్ళుంటే మాట్లాడుతుందేమో" అంది. వదిన నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

ఆ మధ్యాహ్నం ఒక కింది సెట్టుకి మైనం గీకుతూ, చిట్టి మాట మీదే ఆలోచించింది. ఆవిడకి ఇప్పుడేం కావాలి? కత్తి అక్కర్లేదు. సైన్యం అక్కర్లేదు. తలుపు తీసినవాణ్ణి పట్టుకోవాలన్న కోరికా లేదు. మరెందుకొచ్చింది ఈ గదికి? అడగడానికి. ఏమని? "మీకు ముందే తెలుసా?" అని.

చేతిలో గీకుడు కత్తి ఆగిపోయింది.

భర్త పెట్టె పట్టుకుని మెట్లు దిగిన రోజు ఆమె మొదట ఫోను చేసింది చిట్టికే. "మీ అన్నయ్య వెళ్ళిపోయాడే" అని చెప్పింది. చిట్టి 'ఎక్కడికి' అని అడగలేదు. 'ఎవరితో' అనీ అడగలేదు. "ఇంత తొందరగానా?" అంది. ఆ మాట అప్పుడు చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఇన్నాళ్ళూ లోపల ఎక్కడో ముల్లులా ఉండి, దొరసాని వైపు తిరిగినప్పుడల్లా అదే గుచ్చుతోందన్నమాట.

వదిన చేతులు కూడా కడుక్కోలేదు. మైనం అంటిన వేళ్ళతోనే రాసింది.

'నీటివైపు తలుపు ఎవరు తీశారో నాకు తెలుసు దొరసానీ. దాని కోసం రాలేదు. తీస్తారని మీకు ముందే తెలుసా? అది చెప్పండి. తెలిసే ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా మోకాలి నొప్పి గురించి అడిగారా? తెలిసే నాకు మీ శాలువా కప్పారా?'

అక్కడ ఆగలేదు. కావలిమనిషి నోరు విప్పింది, ఇక మూతపడలేదు. ఒక పేజీ, దాని వెనక ఇంకో పేజీ. ఏళ్ళుగా ఆమె రాసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. రాస్తున్నంతసేపూ ఆమెకి సంతోషంగానే ఉంది. అదే తర్వాత తల్చుకుంటే భయమేసింది.

పంపింది. అవతల చిట్టి చదివినట్టు ఫోన్లో గుర్తు కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం దొరసాని వచ్చింది. కిటికీ దగ్గరికి నడిచింది, దీపం వత్తి సర్దింది, సముద్రం హోరు విన్నది, చచ్చిపోయిన తండ్రిని తల్చుకుంది. ఎంతో పొడుగ్గా, ఎంతో అందంగా రాసింది చిట్టి. అడిగినదానికి మాత్రం అందులో జవాబు లేదు.

వదిన ఒకే వాక్యం పంపింది. 'కావలిమనిషి కదల్లేదు.'

సాయంత్రానికి చిట్టి దగ్గర్నుంచి కథ కాదు, మాట వచ్చింది. "నాకు రావడం లేదు వదినా. ఆగిపోయింది."

వదిన తాపీగా టైపు చేసింది. "బాగా రాయాలని చూడకు, చెత్తగా రాయి. ఒక్క వాక్యం చాలు."

ఆదివారం పొద్దున్నే చిట్టి ఇంటికొచ్చింది. మొహం వాడిపోయి, కళ్ళు వాచి ఉంది. వదిన టీ పెట్టి ఇచ్చింది. చిట్టి కప్పు పట్టుకుని కూర్చుందే గానీ తాగలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది వదిన.

చిట్టి కప్పు కింద పెట్టింది. "నిరుడు ఎండాకాలం నుంచి. అన్నయ్యే చెప్పాడు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వాడికి బుద్ధొస్తుంది, తిరిగి దారిలో పడతాడు, నీదాకా రాకుండానే పోతుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను వదినా."

"ఆవిణ్ణి చూశావా?"

చిట్టి తల దించుకుంది.

"మీ ఇంటికి తీసుకొచ్చాడా?"

"వచ్చారు. భోజనానికి."

"నువ్వే వడ్డించావా?"

"ఇంటికొచ్చిన మనిషిని లేపి పంపలేను కదా. అన్నయ్యా నువ్వూ ఇద్దరూ నావాళ్ళే, నేనేం చెయ్యను? మీ ఇద్దరి మధ్యా నలిగిపోయాను. నీతో కథ రాస్తున్నంతసేపూ నా మనసు కాస్త తేలికపడేది. నీకేదో ఒకటి ఇస్తున్నట్టు ఉండేది."

అదే వదినని కొట్టిన దెబ్బ. భోజనం పెట్టినందుకు కాదు, చెప్పనందుకు కూడా కాదు. నిరుడంతా కోటలో దొరసాని కావలిమనిషిని నెత్తిన పెట్టుకుని చూసుకుంది. శాలువా కప్పింది, జబ్బు చేస్తే తలదగ్గర కూర్చుంది, తన పక్కన కంచం వేయించింది. ఆ ముక్కలు ల్యాబులో చదువుకుని వదిన లోలోపల మురిసిపోయేది. ఇంటికెళితే మొగుడు కూడా పలకరించని రోజుల్లో ఆ మురిపెంతోనే నెట్టుకొచ్చింది. అది ప్రేమ అనుకుంది. పాపం చేసినవాళ్ళు దానం చేసినట్టు చేసిందన్నమాట.

"ఆవిడ అడిగినదానికి జవాబు రాయి" అంది వదిన.

"ఇప్పుడు చెప్పాను కదా!"

"నాకు చెప్పావు. ఆవిడకి చెప్పలేదు."

"ఎందుకు వదినా ఈ పంతం? అది కథ!"

"కథే. రాయి."

చిట్టి ఏడుస్తూనే ఫోను తీసింది. వదిన ఎదురుగా కూర్చుంది. గదికి ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు. కాసేపటికి వదిన ఫోను మోగింది. 'తెలుసు, అంది దొరసాని. నిన్ను పోగొట్టుకుంటానని భయపడ్డాను.'

వదిన చదివింది. ఆలోచించుకోవాల్సిన పనే లేకపోయింది. 'కావలిమనిషి తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. నీటివైపు తలుపు లోంచే బయటికి వెళ్ళిపోయింది' అని రాసి పంపింది.

చిట్టి అది చదివి తలెత్తింది. "వెళ్ళి? ఎక్కడికెళ్ళింది? మళ్ళీ వస్తుంది కదా?"

"టీ చల్లారిపోయింది. ఇంకోటి పెట్టనా?" అంది వదిన.

చిట్టి వెళ్ళిపోయాక కూడా వదినకి మాటలు ఆగలేదు. గొంతుకి అడ్డం ఏదీ లేదిప్పుడు. ప్లాస్టర్ కలుపుతుంటే కావలిమనిషి పడవ నడపడం కళ్ళకి కట్టేది. ఏ రేవులో దిగిందో, అక్కడ ఆమెని ఎవరు ఏమడిగారో, అన్నీ వచ్చేవి. రాసి పంపడానికి మనిషే లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కలిసి ఇలాంటి కథలు రాసుకునే గుంపులున్నాయని పక్క బల్ల ఆవిడ చెబితే, ఒకదాంట్లో చేరింది. అక్కడొకతను రాకుమారుడిగా వచ్చి చక్కగానే రాశాడు, మర్యాదగానే ఉన్నాడు. కానీ కావలిమనిషి ఎడమకాలు ఎందుకు కాస్త ఈడుస్తుందో అతనికి మొదట్నుంచీ చెప్పాలి. రెండు మధ్యాహ్నాలు చూసి మానుకుంది. మొగుడు వదిలి వెళ్ళిన ఇంట్లో కూడా ఆమెకి అంత ఖాళీగా అనిపించలేదు.

చిట్టి అప్పుడప్పుడూ బాగోగులు అడుగుతూ మెసేజీ పంపేది. "బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు" అని వదిన మర్యాదగా జవాబిచ్చేది. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాసేది కాదు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం ఆమె భర్త వచ్చాడు, వదిలేసిపోయిన చలికోటు కోసం. కాస్త ఒళ్ళు చేశాడు. వదిన కోటు తెచ్చి కుర్చీ మీద వేసింది. అతను తీసుకుని వెంటనే వెళ్ళలేదు.

"చిట్టి తిండి మానేసి ఏడుస్తోందట. వాళ్ళాయన ఫోను చేశాడు. దానితో ఒక్కసారి సరిగ్గా మాట్లాడొచ్చు కదా," అన్నాడు.

"మాట్లాడుతూనే ఉన్నాను."

"అలా కాదు. ఎప్పటిలాగా. అదేం చేసిందని? నా కోసం నోరు మూసుకుంది, అంతేగా. కోపముంటే నన్ను తిట్టు."

అతన్ని తిట్టాలని ఆమె నిజంగానే చూసింది. నోటికి ఒక్కటీ రాలేదు. ఇరుగుపొరుగు మనిషెవరో గుమ్మంలో నిలబడినట్టుంది, అంతే.

"ఇంతకీ ఆ కథలో నన్నేం చేశారు మీరిద్దరూ? చంపేశారా?" అన్నాడు, తేలిగ్గా నవ్వబోతూ.

"మీరు అందులో లేరండీ," అంది వదిన.

అతని నవ్వు సగంలో ఆగింది. కోటు చేతిమీద వేసుకుని మెట్లు దిగాడు. కింద స్కూటర్ స్టార్టయి వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి, తర్వాత తలుపు వేసుకుని, మర్నాటికి కట్టుకోవాల్సిన బట్టలు ఇస్త్రీకి తీసింది.