ఫైనల్ నాటి ఫిర్యాదు

రాజయ్య ఎవరినీ నమ్మడు. ఎల్లారెడ్డి బీడీ కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా చెకర్ పని చేస్తున్న మనిషి నమ్మడం ఎక్కడ నేర్చుకుంటాడు? ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టల్లోంచి గుప్పెడు బీడీలు తీసి, వేళ్ల మధ్య నొక్కి చూసి, తంబాకు తక్కువైందనిపిస్తే పక్కన పడేయడమే ఆయన కొలువు. పక్కన పడేసినవాటిని అక్కడికక్కడే నలిపేయాలన్నది కార్ఖానా రివాజు. నలిపేశాక అవి మంచి బీడీలేనని తేలినా చేసేదేమీ లేదు. అలా తేలిందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు కూడా. పాలవాడి మీద అనుమానం, బస్సు కండక్టరు మీద అనుమానం, ఆఖరికి ఇంట్లో గోడ గడియారం మీద కూడా అనుమానమే. "పెండ్లిచూపులల్ల నన్ను వెనకకు తిప్పి గూడ చూసిండు" అని భార్య ప్రమీలమ్మ నలుగురిలో అంటూ ఉంటుంది.

అటువంటి మనిషి దగ్గరికి వచ్చి కూతురు స్నిగ్ధ, "బాపూ, ఈ ఆదివారం కాలేజీ ఉన్నది" అంది.

స్నిగ్ధ కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి, లింగంపేట మీదుగా పోయి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుతుంది. ఆ రాకపోకల మీద రాజయ్యకు మొదటి నుంచీ ఒక కన్ను ఉండనే ఉంది.

"ఆదివారం కాలేజీ ఏంది?"

"ప్రపంచకప్ ఫైనల్ ఉన్నది గద. ప్రేమ్‌కుమార్ సార్ హాల్ల పెద్ద తెర కట్టి చూపిస్తడట. మార్కెటింగ్ పాఠం దాంతోనే చెప్తడట."

"మ్యాచ్ చూపిచ్చి పాఠం చెప్తడా? మంచిగనే ఉన్నది మీ సార్ కత."

"గట్ల గాదు బాపూ. ఆటను అడ్డం పెట్టుకొని కంపెనీలు తమ సామాను ఎట్ల అమ్ముకుంటయో చెప్తడు. మా పుస్తకంల ఉన్నదే." నమ్మకం కుదరాలని స్నిగ్ధ తన నోటుబుక్కు తెరిచి చూపించింది. స్కేలుతో గీతలు కొట్టి గడులు గీసి ఉన్నాయి. ఓవర్, బాల్, ఫోరా వికెట్టా, టైమెంత, ఎవరి పేరు.

అది చూసి రాజయ్య నోటుబుక్కు లాక్కుని మళ్లీ చూశాడు. పోయిన ఏడు తన అన్న కొడుకు అక్షయ్ జేబులో సరిగ్గా ఇటువంటి గడుల కాగితమే దొరికింది. క్రికెట్ బెట్టింగులో ఆటో పోగొట్టుకుని ముంబై దిక్కు వెళ్లిపోయినవాడు మళ్లీ ఫోను చేయలేదు. వదిన ఇప్పటికీ వీధి తలుపు గడియ పెట్టకుండానే పడుకుంటుంది.

"సరే, పో" అన్నాడు రాజయ్య. "నేను గూడ వస్త." ఇదేగనక బెట్టింగు అయితే స్నిగ్ధ చదువు ఆ ఆదివారంతో సరి అని మనసులో గట్టిగా అనుకున్నాడు.

కామారెడ్డి అంతా ఎన్నికల మైకులతో హోరెత్తిపోతోంది. బస్టాండులో దిగీ దిగగానే ఎవరో చేతిలో కరపత్రం పెట్టారు. కాలేజీ హాల్లో అరవై మంది పిల్లలు, గోడకు తెల్లటి తెర, ముందు నిలబడి ప్రేమ్‌కుమార్. దోమకొండ మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. పర్మినెంటు కొలువు కాదు, ప్రిన్సిపల్ సంతకం పెడితేనే ఏడాదికోసారి పొడిగిస్తారు. "రండన్నా, కూసోండి. తండ్రులు వస్తే నాకు మస్తు సంతోషం" అన్నాడు. అంత మర్యాద చేసేవాడి దగ్గర ఏదో ఉండే ఉంటుందని రాజయ్య చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆట మొదలైంది. మనవాళ్లు మొదట్లో దంచి కొట్టారు. పిల్లలు బెంచీలెక్కి ఎగిరారు. ప్రేమ్‌కుమార్ ఎగరలేదు. వికెట్ పడింది, పిల్లలు తలలు పట్టుకున్నారు. ప్రేమ్‌కుమార్ చేతి గడియారం చూసుకున్నాడు.

"యాడ్ ఎన్ని సెకండ్లకు వచ్చింది? ఎవరిది వచ్చింది? ఏడుసుడు తరువాత, ముందుగాల రాసుకోండి."

రాజయ్య కళ్లు చికిలించాడు. మనదేశం ఫైనల్ ఆడుతుంటే మైకులో అరిచే పార్టీవాళ్లు సైతం నోరు మూసి టీవీ దుకాణాల ముందు నిలబడ్డారు. ఈయనకేమో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఏ పక్షమూ లేని మనిషి డబ్బు పక్షాన ఉంటాడని రాజయ్య ఖాయం చేసుకున్నాడు.

పదో ఓవరు దాటాక ఫోర్లు ఆగిపోయాయి. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. ఓవర్ల మీద ఓవర్లు గడిచిపోతున్నా బంతి తాడు దాకా పోవడం లేదు. హాలంతా చావు ఇంటిలా అయిపోయింది. ప్రేమ్‌కుమార్‌కు మాత్రం అప్పుడే హుషారు పుట్టుకొచ్చింది.

"ఫోర్ పోక ఎంతసేపయింది? లెక్కవెట్టిండ్రా? పాపం, ఫోర్ల మీద కోట్లు పెట్టినోళ్ల గతి ఏం గావాలె?"

ఇంకేం కావాలి? రాజయ్య లేచి బయటికి నడిచాడు. చెకర్ జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. బస్టాండులో ఇచ్చిన కరపత్రాన్ని వెనక్కి తిప్పి, వరండా గోడ మీద పెట్టి రాశాడు. మీ కాలేజీలో పాఠం పేరు చెప్పి ప్రేమ్‌కుమార్ అనే సారు ఆడపిల్లలతో సైతం బెట్టింగు ఆడిస్తున్నాడు, నేను కళ్లారా చూశాను, ఇట్లు ఒక ఆడపిల్ల తండ్రి. ప్రిన్సిపల్ గది బయట ఫిర్యాదుల డబ్బా ఉంది. మడిచి అందులో వేశాడు. కూతురిని పిలుచుకుని అప్పటికప్పుడే బస్సెక్కి వెళ్లిపోదామని తిరిగి హాల్లోకి వచ్చాడు.

ప్రేమ్‌కుమార్ నల్లబల్ల మీద మైదానం బొమ్మ గీసి ఉంచాడు. చుట్టూ తాడు, తాడు వెంట చిన్న చిన్న పలకలు.

"ఫోర్ పోతే కెమెరా ఎటు పోతది? బంతి వెంట తాడు దాకా పోతది. గక్కడనే ఈ బోర్డులు ఉంటయి. మనం ఫోర్ చూస్తున్నమని అనుకుంటం, బోర్డు మీద పేరు గూడ మన కండ్లల్ల పడుతది. మరి ఫోర్లే పోకపోతే ఆ బోర్డులకు కోట్లు కట్టిన కంపెనీల గతి ఏంది? చెప్పుండ్రి."

రాజయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. కోట్లు పెట్టినవాళ్లంటే వీళ్లా? అయినా ఆయన అనుమానం ఒక్క మాటకు పోయే రకం కాదు. మాట మార్చాడేమో, తనను చూసి సర్దుకున్నాడేమో.

"అన్నా, మీరు బీడీ కార్ఖానాల చేస్తరట గద. స్నిగ్ధ చెప్పింది. కట్ట మీద లేబుల్ సంగతి జర మా పిల్లలకు చెప్పరాదుండ్రి" అన్నాడు ప్రేమ్‌కుమార్.

రాజయ్య మొదట గొణిగాడు. తరువాత మెల్లగా మాటలు వచ్చాయి. ఒకసారి కార్ఖానావాళ్లు ఎర్ర లేబుల్‌ను పచ్చగా మార్చారని, అదే ఆకు, అదే తంబాకు అయినా బీడీ చప్పబడిందని ఊళ్లలో మగవాళ్లు గొడవ చేశారని చెప్పాడు. "నెల తిరగకముందే ఇంకొక కార్ఖానావోడు మా పాత ఎర్ర రంగేసి అమ్ముకున్నడు. పేరు మాది గాదు, బొమ్మ మాది గాదు. రంగొక్కటే మాది. మా గిరాకీ సగం వాడు గుంజుకపోయిండు."

హాలు నిశ్శబ్దంగా వింది. ఇరవై ఆరేళ్లలో ఆయన మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. కార్ఖానాలో ఆయన నోరు విప్పితే ఆడవాళ్లు భయపడతారు, అంతే.

అంతలో మరో వికెట్ పడింది. తెర మీద వరసగా యాడ్లు వచ్చాయి. నీలం అంగీలు తొడుక్కున్న కుర్రవాళ్లు వీధిలో ఆడుతూ ఏదో కూల్‌డ్రింకు తాగుతున్నారు. రాజయ్య చెకర్ కన్ను అక్కడ పడింది.

"సార్, జర చూడుండ్రి. అందరి యాడ్లల్ల కప్పు బొమ్మ ఉన్నది. వీనిదాంట్ల లేదు. కప్పు పేరు గూడ చెప్తలేడు. నీలం అంగీలు తొడిగి మనోడే అనిపిస్తున్నడు. వీడు ఎర్ర లేబులోడే!"

ప్రేమ్‌కుమార్ చప్పట్లు కొట్టాడు. "ఇది నేను రేపు చెప్పాల్సిన పాఠం. డబ్బు కట్టకుంటనే పండుగల దూరుడు అంటరు దీన్ని. అన్న ముందే పట్టేసిండు!" అరవై మంది చప్పట్లు కొట్టారు. స్నిగ్ధ వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది. ఆ ముఖంలో గర్వం అంత బాహాటంగా ఉంటే రాజయ్యకు ఎటు చూడాలో తెలియలేదు. కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు గుర్తొచ్చింది డబ్బా.

మనవాళ్ల బ్యాటింగ్ ముగిసి అందరూ చాయ్‌కు లేచినప్పుడు ఆయన వరండాలోకి పరుగెత్తాడు. డబ్బాకు తాళం. చీపురు పుల్ల ఒకటి వెతికి సందులోంచి లోపలికి పెట్టి కెలికాడు. కాగితం పుల్లకు తగులుతుంది, పైకి రాదు. "ఏం జేస్తున్నవ్?" అని వెనక నుంచి వాచ్‌మన్ భూమేశ్ గద్దించాడు.

"కాగితం పడ్డది."

"పడ్డదా, ఏసినవా?" భూమేశ్ ఆయనను కింది నుంచి మీది దాకా చూశాడు. ఆ చూపు రాజయ్యకు కొత్త కాదు, తనదే. పుల్ల పారేసి, కూతురిని తీసుకుని బస్సెక్కాడు. కరపత్రం వెనక రాసింది ఎవడు చదువుతాడులే అని దారంతా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మర్నాడు పోయి ప్రిన్సిపల్‌కు ఒక్క మాట చెప్తే సరిపోయేది. పోలేదు. వెనక్కి తీసుకోవడం అలవాటు లేని చెయ్యి అది.

గురువారం స్నిగ్ధ ఉబ్బిన కళ్లతో ఇంటికి వచ్చింది. ప్రేమ్‌కుమార్ సారును విచారణ అయ్యేదాకా కాలేజీకి రావద్దన్నారు. డిసెంబరుతో గడువు అయిపోతుంది, ఇక పొడిగించరని అందరూ అనుకుంటున్నారు. క్లాసంతా కలిసి ఒక అర్జీ రాశారు.

"పిల్లల మాట నమ్మరట బాపూ. తండ్రులు ఎవరన్న రాయాలట. నువ్వు ఆ దినం ఆడనే ఉన్నవ్. ఏం చూసినవో నాలుగు ముక్కలు రాసి మొదటి సంతకం పెట్టు. నువ్వే నమ్మినవంటే ఇంకెవడైన నమ్ముతడు."

ప్రమీలమ్మ వంటింట్లోంచి నవ్వింది. "అది మాత్రం నిజమే బిడ్డా."

చెప్పేయాల్సిన క్షణం అదే. రాజయ్య నోరు తెరిచాడు కూడా. కానీ కూతురు పెన్ను అందిస్తూ తనను చూస్తున్న తీరులో ఆ ఆదివారం వెనక్కి తిరిగి చూసిన ఆ ముఖమే మళ్లీ కనపడేసరికి, పెన్ను అందుకున్నాడు. నేను వెనక వరసలో కూర్చుని చూసిన, అక్కడ జరిగింది పాఠమే, బెట్టింగు కాదు అని రాసి సంతకం పెట్టాడు.

శనివారం ప్రిన్సిపల్ ప్రభుదాసు పిలిపించాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి కరపత్రం, ఇంకొకటి అర్జీ.

"రెండిట్ల రాత ఒక్కటే ఉన్నది, రాజయ్యా."

"అవును సార్. రెండూ నేనే రాసిన. మొదటిది తప్పు. తెల్వక రాసిన."

ప్రభుదాసు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆదివారం బెట్టింగ్ అన్నవ్. గురువారం పాఠం అన్నవ్. నడుమ ఏమైంది? ఆయన ఇంటికొచ్చి కలిసిండా? ఎంత ఇచ్చిండు?"

రాజయ్యకు ఒళ్లంతా మండింది. "నా బిడ్డ మీద ఒట్టు సార్, ఏం దీస్కోలే."

"ఒట్లు మస్తు చూసిన."

ఆ మాట సరిగ్గా రాజయ్య మాటే. పోయిన వానకాలం ఈరవ్వ అనే ముసలామె, కొడుకు మీద ఒట్టు, తంబాకు తగ్గలేదు చెకర్ సాబ్ అని ఏడిస్తే, ఇదే మాట అని రెండు కట్టలు ఆమె కళ్ల ముందే నలిపేశాడు. నిజం చెప్తుంటే నమ్మకపోవడం ఇంత నొప్పిగా ఉంటుందని ఆయనకు అప్పుడు తెలియలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఒక్కటే తొవ్వ ఉన్నది. క్లాసుల నిలబడి, నీ బిడ్డ ముందట ఇదే మాట చెప్పు. పైసలు తిన్నోడు ఆ పని చెయ్యడు. చెప్తే సోమవారం ప్రేమ్‌కుమార్‌ను నేనే పిలుస్త. చెప్పకుంటే ఈ రెండు కాగితాలు కమిటీకి పోతయి" అన్నాడు ప్రభుదాసు.

చెప్తే సారు కొలువు నిలుస్తుంది, కూతురి ముందు తన తల తెగుతుంది. చెప్పకపోతే కూతురికి తెలియదు, దోమకొండ మనిషి ఇంటి దారి పడతాడు. రాజయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని లేచాడు.

క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మీ సారు మీద కాగితం రాసింది నేనే. మ్యాచ్ సగం గూడ గాకముందే రాసిన. మీ సారు తప్పు ఏం లేదు. అనుమానం నాది."

అరవై తలలూ ఆయన వైపు కాక స్నిగ్ధ వైపు తిరిగాయి. ప్రభుదాసు, "చాలు, సోమవారం నుంచి ప్రేమ్‌కుమార్ వస్తడు" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

స్నిగ్ధ లేచి వచ్చింది. ప్రిన్సిపల్ చేతిలోని అర్జీ అడిగి తీసుకుని, పైన ఉన్న మొదటి సంతకాన్ని వేలితో తడిమి చూసింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"నా ముందట కూసోని ఇది పెట్టేటప్పుడు నీ చెయ్యి జరంత గూడ వణకలే గద, బాపూ."

రాజయ్య సంతకం వైపు చూశాడు. ఒక్క గీత కూడా చెదరకుండా ఉంది.