రాగి వేయని బంపర్

యాభై ఎనిమిది వేలు. అతని దగ్గర ఉన్నది అంతే. అందులో పన్నెండు వేలు మొదటి నెల అద్దె కింద మేనత్త చేతిలో పెట్టి, ఆమె ప్లేటింగు షాపులో ఓ మూల సంపాదించాడు. పాత కార్ల బంపర్లు, గ్రిల్లులు, లైట్ల చుట్టూ ఉండే రింగులు తెచ్చుకుని, ఆమె తొట్లలోనే పూత వేసుకుని అమ్ముకోవచ్చు. మేనల్లుడని అత్త ఒక్క పైసా తగ్గించలేదు. చుట్టరికం వేరు, కరెంటు బిల్లు వేరు అంది. ఆ మాట అతనికి నచ్చింది కూడా. లెక్క తెలిసిన మనిషితో వ్యాపారం సుఖం.

షాపులో అతన్ని లెక్కలబ్బాయి అనేవారు. ఎవరైనా తుప్పు పట్టిన గ్రిల్లు తెచ్చి బల్ల మీద పెట్టేలోపే ధర చెప్పేసేవాడు. పూత పని ఖర్చు ఎక్కడుందో మూడు వారాల్లో కనిపెట్టేశాడు. చూసేవాళ్లకి క్రోమ్ అంటే పైన కనపడే తళతళ. నిజానికి ఆ తళతళ అన్నిటికంటే చవక, ఉల్లిపొర కన్నా పలచన. డబ్బంతా కంటికి కనపడని చోట పోతుంది. పాత పూత ఊడదీయాలి, తుప్పు గీకాలి, ఇనుము మీద గుంటలు పోయేదాకా బఫ్ కొట్టాలి, మందంగా రాగి వేయాలి, ఆ రాగిని మళ్లీ బఫ్ కొట్టాలి, దాని మీద నికెల్, చిట్టచివర క్రోమ్. రాగి మానేస్తే ఏమవుతుందని మొదట్లోనే అత్తని అడిగాడు. "పైన పటారం, లోన లొటారం అవుతుంది" అని ఊరుకుందామె.

ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇంకొకటుంది. కొత్త క్రోమ్ తొట్టిలోంచి పైకి వచ్చాక, దాని మీద మొట్టమొదట ఏ మొహం పడుతుందో ఆ మొహం అందులో ఉండిపోతుంది. అందుకే పనివాళ్లు సామాను పైకి తీసేటప్పుడు పక్కకి తిరిగి తీస్తారు, తడి ఆరకముందే గుడ్డ కప్పేస్తారు. గుడ్డ తీసేది బండి సొంతదారే. ఓ లారీ ఆయన గుడ్డ తీయబోతుంటే ఆయన కుక్క ముందుకి దూకింది. ఇప్పటికీ ఆ లారీ బంపర్లో కుక్క నాలుక చాపుకుని ఉంటుంది. ఓ టాక్సీ ఆయన తల్లీ, పెళ్లామూ ఒకరినొకరు తోసుకుంటూ ఒకేసారి తొంగి చూశారు. ఆ గ్రిల్లులో నాలుగు కళ్లు, ఒకటే నోరు. ఆ నోరు ఎవరిదన్న తగువు ఇంకా తేలలేదు.

పాత సామానుకి మళ్లీ పూత వేసేటప్పుడు ఆ పాత మొహం ఆసిడ్ తొట్టిలో ఊడి అడుగుకి దిగిపోతుంది. దానికేం భయం లేదు. ఇనుము మీద రాగి వేసి, బఫ్ కొట్టి, ఒక్కసారి మళ్లీ ఆ తొట్టిలో ముంచితే, అడుగున ఉన్న మొహం పైకొచ్చి తన చోట తాను కూర్చుంటుంది. రాగికి ఆ మెత్తదనం ఉంది. వట్టి ఇనుము దేన్నీ పట్టుకోదు.

గడియారాల తాతగారు వచ్చింది రెండో నెలలో. జన్మంతా గడియారాలు బాగుచేసి కళ్లు పాడుచేసుకున్న మనిషి. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆయన పాత కారు ముందు బంపర్లో, ఎడమ మూల, ఆయన భార్య ఉంది. కారు కొన్న రోజున చెంగుతో బంపర్ తుడవబోయి అందులో తన మొహం పళ్లెమంత వెడల్పుగా కనపడేసరికి పకపకా నవ్విందట. ఆ నవ్వే ఉండిపోయింది. మనిషి పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు తుప్పు ఆమె గడ్డం దాకా వచ్చేసింది.

"నాకు మిగిలిన ఫొటో ఇదొక్కటే, బాబూ" అన్నాడాయన. "ఎంతయినా పర్లేదు. ఆవిడ మాత్రం జాగ్రత్త."

"మీరు నిశ్చింతగా ఉండండి తాతగారూ" అన్నాడు అతను.

రెండు బంపర్లు, గ్రిల్లు, లైట్ల రింగులు అన్నీ కలిపి నలభై ఆరు వేలు చెప్పాడు. తాతగారు బేరమాడలేదు. బేరమాడి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. పూత ఊడదీయడానికి మూడు, గీకుడుకీ బఫింగుకీ పద్నాలుగు, రాగికీ దాని మీద బఫింగుకీ పదమూడు, నికెల్‌కి ఏడు, క్రోమ్‌కి రెండు. ముప్పై తొమ్మిది పోను మిగిలేది ఏడు. ఆ పదమూడు లేకపోతే మిగిలేది ఇరవై. ఏడు, ఇరవై. ఆ రెండు అంకెలూ ఓ రోజంతా అతని చెవిలో జోరీగల్లా తిరిగాయి.

అత్త అప్పుడు సరుకు కొనడానికి పొరుగూరు వెళ్లింది. ఇనుము మీద నేరుగా నికెల్ వేసేశాడు. మొహం గురించి ఆలోచించలేదని కాదు. వస్తే వస్తుందిలే అనుకుని, వట్టి ఇనుప బంపర్నే ఆసిడ్ తొట్టిలో ఓసారి ముంచాడు. ఏదీ రాలేదు. ఆ తర్వాత నికెల్ తొట్టి, క్రోమ్ తొట్టి. బంపర్ పైకి తీసేటప్పుడు, రాగి లేనిచోట ఎక్కడైనా పొక్కు వచ్చిందేమోనన్న కంగారులో, పక్కకి తిరగడం మరిచి దాని మీదికి వంగి చూశాడు.

పొక్కు లేదు. ఎడమ మూల అతను ఉన్నాడు. ఒక కనుబొమ్మ పైకెత్తి, నాలుక చివర పంటి కింద పెట్టుకుని, ఏదో కూడుతున్నాడు.

బంపర్లు కారుకి బిగించడానికి తాతగారి ఇంటికే వెళ్లాడు. బిగించాక ఆయన గుడ్డ తీసి, మోకాళ్ల మీద కూర్చుని, మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు. లెక్కలబ్బాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "చిక్కింది" అన్నాడు చివరికి తాతగారు. "ఆసిడ్‌లో నానింది కదా, చిక్కదూ మరి." చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇచ్చి, చెమట పట్టావు అంటూ ఫ్యాను కింద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అతను ఆ టీ తాగి వెళ్లిపోయాడు.

అత్త తిరిగొచ్చిన మర్నాడే ఆసిడ్ తొట్టి మూత తీసి, అలా చూస్తూ ఉండిపోయింది. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు అడుగున ఎవరో వెడల్పు మొహం ఆవిడ నవ్వుతూ కనపడుతోంది.

"ఎవరి మనిషిరా?"

"ఏదో పాత గ్రిల్లు అత్తా. సొంతదారు వద్దన్నాడు."

ఆమె మూత పెట్టేసింది. పనివాళ్లు ఆ రోజు నుంచీ సామాన్లు తొట్టిలో అవతలి వైపు నుంచి, మెల్లగా దించడం మొదలుపెట్టారు. ఆవిడ మీద పడకూడదుగా. ఒక్క లెక్కలబ్బాయి మాత్రం ఆ తొట్టి దగ్గరికి వెళ్లాల్సిన పనులన్నీ ఇంకొకరికి చెప్పి, దానికి బదులు వాళ్ల బఫింగు తను చేసేవాడు. చిల్లర పనులూ అవీ కలిసి అద్దెలు పోను చేతిలో అరవై వేలు చేరాయి. సొంతంగా నికెల్ తొట్టి కొనడానికి అతను అనుకున్న మొత్తం సరిగ్గా అదే. అదేం చిత్రమో, కొట్టుకి ఫోన్ చేసి తొట్టి తెమ్మని చెప్పడానికి మాత్రం రోజూ ఏదో ఒక అడ్డం వచ్చేది.

ఓ పొద్దున తాతగారు గోడ పట్టుకుని నడుస్తూ షాపుకి వచ్చాడు. అత్త కుర్చీ వేసింది. ఆయన చెప్పిందంతా విని, లెక్కలబ్బాయి చేతిలో ఉన్న రింగు కింద పెట్టలేక అలాగే పట్టుకుని ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే బంపర్ దగ్గర కూర్చుని ఆవిడతో మాట్లాడతాట్ట. ఇదివరకు ఏం చెప్పినా నవ్వుతూ వినేది. పూత వేయించినప్పట్నుంచీ ఆయన వైపు చూడటం లేదు. కళ్లు కనపడకపోయినా ఆ మాత్రం తెలుస్తుంది. పెదాలు ముడుచుకుని ఏదో లెక్కపెట్టుకుంటోంది. తనని అడక్కుండా ఆసిడ్‌లో వేయించినందుకు కోపమొచ్చిందేమోనని రెండు నెలలుగా క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఫలితం లేదు.

"అయినా తొమ్మిదేళ్లు పట్టి ఉంచాను" అన్నాడు తాతగారు. "ఆవిడకి మాత్రం విసుగు రాదా? తీసేసెయ్ బాబూ. ఆ మొహం ఊడదీసి, వట్టి బంపర్ చేసిపెట్టు. ఎంతవుతుందో లెక్కేసి చెప్పు."

ఎవరు ఏ సామాను చూపించినా రెప్పపాటులో ధర చెప్పే మనిషి, చేతిలోని రింగుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

అత్త నచ్చజెప్పబోయింది. రాగి వేసిన పని కదా బాబాయిగారూ, ఇరవై ఏళ్లు నిక్షేపంలా ఉంటుంది, ఇప్పుడెందుకు తీయించడం అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వీలు చూసుకుని వచ్చి విప్పుకుపొమ్మని అతనికి చెప్పి, మళ్లీ గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంతకంటే సుళువు దారి ఎవరికీ దొరకదు. బంపర్ తెచ్చి ఆసిడ్‌లో ముంచితే అతని మొహం పోతుంది. ఈసారి రాగి వేసి పని పక్కాగా చేస్తే ఇక పొక్కు భయం కూడా ఉండదు. పైగా దానికి డబ్బు ఎదురొస్తుంది. ఎవరికీ తెలియదు. తొట్టిలో ఆవిడ సంగతా? దానికీ దారి దొరికింది. అత్త చేతులు తుడుచుకుంటూ, "రేపు డ్రమ్ముల బండి వస్తోంది. ఆసిడ్ తొట్టి ఖాళీ చేయించేస్తున్నా, వాడి వాడి నీళ్లలా అయిపోయింది" అంది. ఆ డ్రమ్ములు ఊరవతల ఎక్కడో సున్నంలో కలిపి పాతేస్తారు.

అతను వెళ్లి తొట్టి మూత తీశాడు. ఇన్నాళ్లలో అదే మొదటిసారి. ఆవిడ నవ్వుతోంది. ఎదురుగా ఉన్నది ఎవరన్న పట్టింపు ఆ నవ్వుకి లేదు. తాతగారు రెండు నెలలు పొద్దున్నే లేచి క్షమించమని అడిగింది లెక్కలబ్బాయి మొహాన్ని. అది కనుబొమ్మ పైకెత్తి, ఆయన మాట ఒక్కటీ వినకుండా, ఏడు తీసేసి ఇరవై వేసుకుంటూ కూర్చుంది.

"అత్తా" అన్నాడు. "ఈవిడ ఏ గ్రిల్లులోంచీ రాలేదు. గడియారాల తాతగారి భార్య."

అత్త తొట్టిలోకి చూసింది, అతన్ని చూసింది. ఆమెకి మిగతాది విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"రాగిలో ఎంత మిగుల్చుకున్నావు?"

"పదమూడు."

"పదమూడు వేలకి ఓ ఇల్లాలిని తొట్టిలో వదిలేశావా" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "ఇంత లెక్క వచ్చినవాడివి, ఆ మిగిలిన ముసలాయన్ని ఏ పద్దులో రాశావురా?"

అతను తొట్టి మూత పెట్టేశాడు. మళ్లీ ఆమే, బండిని వారం ఆపిస్తాను, వాళ్లు వెనక్కి పోయినందుకు నాలుగు వేలు అడుగుతారు, అది నువ్వే కట్టాలి అంది. రాగి, నికెల్, బఫింగు కూలీ అంతా అతనిదే. ముప్పై తొమ్మిది, నాలుగు, నలభై మూడు. ఒక్క ఎడమ మూల కాదు, రాగి లేకుండా వేసిన ప్రతి ముక్కా మళ్లీ చేయాలి. ఆమె అడక్కముందే అతను ఒప్పుకున్నాడు.

"ఇన్నాళ్లు నానిన మొహం వస్తుందా అత్తా?"

"రాకపోవచ్చు. రెండు నెలలు పైబడి నానినవాళ్లు రావడం నేను ఒక్కసారే చూశాను. ముందు ఆయనకి చెప్పిరా. చెప్పకుండా బంపర్ తెచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను."

పానాల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. తాతగారి షెడ్డు తలుపు తీసే ఉంది. ఆయన చిన్న పీట మీద బంపర్ ఎదురుగా కూర్చుని ఏదో చెబుతున్నాడు. రేపో మాపో నిన్ను పంపించేస్తాన్లే, ఇంక విసిగించను అంటున్నాడు. అడుగుల చప్పుడుకి ఆగాడు.

"తాతగారూ, అది ఆవిడ కాదు. నేను."

తాతగారికి అర్థం కాలేదు. అతను ఆయన పక్కన నేల మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాడు. రాగి మానేసిందీ, వంగి చూసిందీ, చూసి కూడా టీ తాగి వెళ్లిపోయిందీ. చెబుతున్నంతసేపూ బంపర్లో అతను కూడుతూనే ఉన్నాడు. తాతగారు చెయ్యి చాపి అతని మొహం తడిమాడు, కనుబొమ్మ, ముక్కు, గడ్డం. తర్వాత మొహం బంపర్‌కి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.

"ఆవిడెక్కడుంది?"

"తొట్టిలో."

"కోపంగా ఉందా?"

"లేదు తాతగారూ. నవ్వుతోంది."

తాతగారు తల తిప్పుకున్నాడు. భుజాలు కొంచెం కదిలాయి. అతను ఏదో అనబోతే చేత్తో వద్దన్నాడు. ఆవిడ తిరిగి వస్తుందన్న నమ్మకం లేదని కూడా అతను చెప్పాలి. చెప్పాడు. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆ మాట ఈ షెడ్డులో ఇప్పటికే చాలాసార్లు, అడగక్కర్లేని మనిషి అడిగేశాడు.

తాతగారు గోడ పట్టుకుని లేచి, కొక్కేనికి ఉన్న చొక్కా తీసుకున్నాడు.

"నేనూ వస్తున్నా. ముందు నాకు ఆ తొట్టి చూపించు. ఆవిడని మళ్లీ నీ ఒక్కడి చేతికి వదలను" అన్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ, "కుడిపక్క నట్టు మర అరిగింది. జారుతుంది. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టు" అన్నాడు.

ఎడమ పక్క నట్టు సరిగ్గా బంపర్లో ఉన్న తన మొహం గడ్డం కిందుంది. అతను మోకాళ్ల మీద వంగి, సంచీలోంచి పానా తీసి దానికి పట్టించాడు.