దక్షిణం గోడ

"నీళ్ళు! ఇంకో బిందె తే!"

గిరిధర్ అరుపుకి మేనకోడలు హారిక పరుగెత్తింది. మంచం మీద బావ భుజంగరావు ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎదురుగా ఉన్న బావమరిదిని గుర్తుపట్టడం లేదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పొద్దున్నే పేలిపోయింది. ఏసీ నోరు మూసుకుంది. బయట బందరు ఎండ, లోపల అంతకు మించిన కొలిమి.

"నువ్వు చూసి కొనిపించిన ఇల్లేరా ఇది!" అక్క వసుంధర గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. "కరెంటు లేకపోయినా చల్లగా ఉంటుందన్నావు. నాలుగు స్టార్లు వేశావు! ఏదిరా నీ చల్లదనం?"

గిరిధర్ బావని ఆటోలోకి ఎక్కించాడు.

గుడివాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడతను. ఫ్రిజ్‌లకి స్టార్లున్నప్పుడు ఇళ్ళకెందుకు ఉండకూడదన్నది అతని వాదన; చల్లదనాన్ని బట్టి తనే స్టార్లు వేస్తుంటాడు. భుజంగరావుకి గుండె ఆపరేషనైంది. వేడి తగలకూడదన్నారు డాక్టర్లు. అప్పటిదాకా వాళ్ళున్న కోడూరులో, బావ రొయ్యల చెరువుల పక్కన కరెంటు ఉంటే ఆ రోజు పండగే. అందుకే బందరులో కరెంటుతో పనిలేని ఇల్లు వెతికారు.

కొనేముందు గిరిధర్ ఈ ఇంటిని గుచ్చి గుచ్చి చూశాడు. ఎండ ఏ గోడ మీద ఎంతసేపు నిలుస్తుంది, కప్పు ఎంత వేడెక్కుతుంది, అన్నీ చూశాడు. పడగ్గదిలో దక్షిణం కిటికీల దగ్గర అగరొత్తి వెలిగిస్తే, సముద్రం మీంచొచ్చే గాలికి పొగ ఇల్లంతా దాటి ఉత్తరపు గుమ్మంలోంచి బయటికి పరుగెత్తింది.

"పెళ్ళిచూపుల్లో మీ అక్కని కూడా ఇంత పరీక్షగా చూడలేదురా నేను," అన్నాడు భుజంగరావు.

"చూసుంటే తప్పించుకునేవాడివేమో బావా!"

అక్కతో సహా అందరూ నవ్వారు. కాలేజీ పరీక్షలుండి గృహప్రవేశానికి గిరిధర్ రాలేకపోయాడు. మళ్ళీ ఈ ఇంట్లో అడుగుపెట్టడం ఇవాళే.

ఆసుపత్రిలో డాక్టరు పెదవి విరిచాడు. "వడదెబ్బ. ఆ గుండె ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పలేం."

"నువ్వు కాసేపు బయటికెళ్ళు మావయ్యా," అంది హారిక మొహం తిప్పుకుని. "నిన్ను చూస్తే అమ్మ ఇంకా ఏడుస్తోంది."

గిరిధర్ తిన్నగా ఇంటికొచ్చాడు. ఎక్కడ పొరపడ్డాడు? మేడ మీదికి పరుగెత్తాడు. కప్పు మీద తెల్ల సున్నం చెక్కుచెదరలేదు. పడమటి గోడకి వేపచెట్టు నీడ అలాగే ఉంది. పడగ్గదిలోకొచ్చి ఆగిపోయాడు.

దక్షిణం వైపు కిటికీల్లేవు.

ఇందాక మనిషి ప్రాణం పోతుంటే గోడలవంక చూసే తీరికెక్కడిది? ఇప్పుడు భుజం ఆనించి ఇనప బీరువాని పక్కకి నెట్టాడు. గోడ మీద రెండు చోట్ల, కిటికీల మేర కొత్త సిమెంటు పూత. అరచెయ్యి ఆనిస్తే చుర్రుమంది.

"బావగారికెలా ఉందయ్యా?" అతను పెరట్లోకి రాగానే ప్రహరీ అవతలి నుంచి అడిగింది పక్కింటి ఆనందమ్మ.

"కిటికీలు ఎవరు మూశారండీ?"

"నీకు తెలీదూ? మీ అక్కే! దక్షిణం యముడి దిక్కు, అటు తెరిచుంటే చెరువుల్లో రొయ్య నిలవదన్నాడట వాస్తు సిద్ధాంతి. మీ బావగారు కోడూరు చెరువుల దగ్గరున్నప్పుడు తనే దగ్గరుండి ఇటుక పేర్పించింది. ఆయనకేమో కిటికీలకి చెద పట్టిందని చెప్పింది. చెదా పాడా, మంచి టేకు! ఆ తలుపులు మా కోడలే అడిగి తెచ్చుకుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "'మా తమ్ముడికి మాత్రం చెప్పకండి పిన్నిగారూ, నవ్వుతాడు' అంది మీ అక్క."

గిరిధర్ ఆసుపత్రికి చేరేసరికి భుజంగరావు మొహం మీద తెల్లగుడ్డ కప్పేశారు.

వసుంధర అతని చొక్కా పట్టుకుని గుండెల మీద బాదింది. "చంపేశావురా! మీ బావని చంపేశావు!"

ఆనందమ్మ చెప్పినదంతా దిగమింగాడు గిరిధర్. ఉన్నది ఒక్కగానొక్క అక్క. తాళి తెంచుకోబోతున్న మనిషి. ఆ నింద తనే మోస్తే పోయేదేముంది? "అవునక్కా. నాదే తప్పు. నేను సరిగ్గా చూడలేదు."

"అదేంటి మాస్టారూ!" కబురు తెలిసి పరుగున వచ్చిన చలపతిరావు, ఆ ఇల్లు అమ్మిన పెద్దాయన, అడ్డుపడ్డాడు. "నా ఎదురుగానే కదండీ కిటికీల దగ్గర అగరొత్తి వెలిగించారు. ఎంత గాలండీ అది!"

హారిక తలెత్తింది. "కిటికీలా? నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి అక్కడ బీరువా ఉంది. కిటికీలు ఎక్కడివి?"

"రెండుండాలమ్మా..."

"అయితే మూసేసి అంటగట్టావా? ముసలాడా, మా నాన్నని ఊపిరాడకుండా చేసింది నువ్వా?" హారిక ఆయన కాలరు పట్టుకుంది. ఆయన కళ్ళజోడు కిందపడి పగిలింది. "నిన్ను పోలీసులకి పట్టిస్తాను! జైల్లోనే చస్తావు!"

"ఏసుప్రభువు సాక్షి, నేను మూయలేదమ్మా," ముసలాయన రెండు చేతులూ జోడించాడు. వరండాలో జనం మూగారు. ఎవరో ఆయన వీపు మీద ఒక్కటి వేశారు.

గిరిధర్ అక్క వైపు చూశాడు. చెబుతుందేమోనని ఆశ. వసుంధర పమిట నోట్లో కుక్కుకుని నేలచూపులు చూస్తోంది. ఇంకో దెబ్బ పడింది. అక్క తల ఎత్తలేదు.

అతను వెళ్ళి హారిక వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"ఆయన్ని వదిలెయ్ తల్లీ. ఆ కిటికీలు మూయించింది మీ అమ్మ."