నీరటి ఇంటి చీర

బురద ఎంత ఉతికినా వదలడం లేదు. నాగరాణి చీరను బండమీద బాదుతుండగానే మొగుడు రాజేశ్వర్ జహీరాబాద్ బజారు నుంచి వచ్చాడు. సంచిలోంచి ఆకుపచ్చ చీర తీశాడు. దానికి ఎర్రటి అంచు. ఆమె చెయ్యి చాపింది.

"తడి చేతులతోటి ముట్టకు. గంగమ్మది."

చెరువు నిండి మత్తడి దూకిన ప్రతి ఏడూ, ఊరి నీళ్లు చూసే నీరటి ఇంటివాళ్లు గంగమ్మకని నీళ్లలో కొత్త చీర వదిలి, ఆ తర్వాత తూము తీసి పొలాలకు నీళ్లివ్వాలి. కోహీర్ దిక్కు నుంచి నిజాం కాలంలో కాలువ తవ్వి ఈ చెరువుకు కలిపినప్పటి నుంచీ ఆ ఆనవాయితీ వాళ్లదే. పేరుకు నీరటి రాజేశ్వర్. మోకాలు పట్టేసిందని అతను నీళ్లలో దిగి తొమ్మిదేళ్లయింది. బజారుకు పోయేటప్పుడు మాత్రం ఆ మోకాలు మాట వింటుంది. కాలువలో గుర్రపుడెక్క పీకేదీ, రొమ్ముల లోతు నీళ్లలో దిగి తూము తీసేదీ నాగరాణి. "రాజన్నా, నీళ్లు మంచిగిడిసినవ్" అని రైతులు మెచ్చుకునేది కట్టమీద బీడీ కాల్చే అతన్ని.

నీళ్లగుంటను చూసి కుళ్లుకునేదేమిటని తనను తానే తిట్టుకునేది. కానీ వదిలిన చీరలన్నిటి రంగులూ ఆమెకు గుర్తే. నెమలికంఠం, వంగపండు, కనకాంబరం. ఏదీ రెండ్రోజులు తేలలేదు. ముంచేదానికి కొత్తవి, మోసేదానికి పాతవి. కొత్తకోడలిగా ఇదేమిటని అడిగితే అత్త బీరమ్మ నవ్వింది. "పెద్ద సవతనుకో బిడ్డా, సర్దుకో." మొగుడు నవ్వలేదు. "దానికి కోపమొస్తే ఊరు మునుగుతది. నీకు కోపమొస్తే కూరల ఉప్పెక్కువైతది, గంతే."

మర్నాడు పొద్దున డప్పులతో ఊరంతా కట్టమీదికి చేరింది. నాగరాణి అందరికన్నా వెనక వచ్చింది. ఒంటిమీద ఆకుపచ్చ చీర, ఎర్రటి అంచు. డప్పు ఆగింది.

"అది కట్టినవేందే? గంగమ్మకేమిస్తవ్?" రాజేశ్వర్ పళ్లు కొరికాడు.

చంకలోని పాత చీర విప్పి ఆమె నీళ్లలో వదిలింది. "దీన్నైతే గుర్తుపడుతది. దాని బురదంత దీనికే అంటింది."

బీరమ్మ చెంపలేసుకుంది. "గంగమ్మకు కోపమొస్తదే."

"రానీ అత్తమ్మా. మేమిద్దరం మాట్లాడుకుంటం."

"రాజన్నా, జర తూము తియ్యరాదే, పొద్దెక్కుతుంది" అని కింది పొలం మాణిక్ కేకేశాడు.

రాజేశ్వర్ అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు. నాగరాణి కుచ్చిళ్లు సర్దుకుని, రోజూ అతను కూర్చునే రాతిమీద కూర్చుంది.

"కొత్త చీర తడుస్తది. నువ్వే దిగు."