ఆరు పుస్తకాలు, మూడు అమావాస్యలు

నా దగ్గర ఆరు పుస్తకాలున్నాయి. ఆరూ ఒకే ఆటకు రూల్సు. బల్ల మీద ఆడే యుద్ధం అది. నాలుగంతస్తుల మేడంత రోబోలు, వాటికి బొటనవేలంత బొమ్మలు, ఆరు మూలల గళ్ళు గీసిన పటం, రెండు పాచికలు. ఒక యుద్ధంలో విరిగిన చెయ్యి తర్వాతి యుద్ధానికీ విరిగే ఉంటుంది. అలా నెలల తరబడి సాగే యుద్ధాలన్నీ కలిపి ఒక దండయాత్ర. బెంగళూరులో డిజైన్ ఆఫీసులో పనిచేసిన ఏడేళ్ళూ ప్రతి శనివారం నలుగురం కూర్చుని ఆడేవాళ్ళం. ఆఫీసు మూతపడ్డాక తలా ఒక దిక్కు అయిపోయాం. మిగతా ముగ్గురికీ వాళ్ళ కొత్త ఊళ్ళలో ఆడేవాళ్ళు దొరికారు. నాకు ధర్మవరం దొరికింది.

ఇక్కడ పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. కంప్యూటర్లో గళ్ళు నింపి, ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టించి పంపుతాను. ఉండేది ఒక్కదాన్నే. రెండేళ్ళు ఎవరితోనూ ఆడలేదంటే ఎవరికీ జాలి కలగదు. రెండేళ్ళు ఎవరితోనూ కలిసి నవ్వలేదంటే కలుగుతుందేమో. నాకు మాత్రం రెండూ ఒకటే.

ఎదురింటి సుజాత తన భర్త లక్ష్మీపతితో కలిసి గుంట మగ్గం నేస్తుంది. అంచులో నెమలికి ఒక కాలు తక్కువొచ్చిందని నాతో పోట్లాడటానికి వచ్చి, బల్ల మీది బొమ్మలు చూసి నెమలిని మరిచిపోయింది.

"ఇవేందక్కా?"

"రోబోలు. కొట్లాడతాయి."

"నాకూ నేర్పియ్యి."

ఆ మాట కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉన్నానని ఆమెకేం తెలుసు? బరువైన రోబోను ఎంచుకుని, దానికి సిద్దమ్మ అని అత్తగారి పేరు పెట్టింది. "ఎంత కొట్టినా పడే రకం కాదులే," అంది. నేను కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

మా వీధిలో అమావాస్యనాడు మగ్గం మీద ఎవరూ చెయ్యి వేయరు. దుమ్ము దులిపి, ఊదొత్తి వెలిగించి ఊరుకుంటారు. నేసేవాళ్ళకు నెలకు అదొక్కటే సెలవు. అందులో పొద్దుటి వంటా గుడ్డలూ అయిపోయాక సుజాతకు మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటలూ నాకిచ్చింది.

ఇక ఏ పుస్తకంతో ఆడాలన్నది నేను తేల్చాలి. ఒకటి సన్నది, ఇరవై పేజీలు. నడవడం, కాల్చడం, పడిపోవడం, అంతే. గంటలో ఆట ముగుస్తుంది. మిగతావి ఇటుకల్లాంటివి. ఒకదాన్నిండా ఇంజన్ల వేడి, ఒకదాన్నిండా మరమ్మతులు, ఒకదాన్నిండా కొండలూ వాగులూ వాన. వారం రోజులు ఆరింటినీ ముందేసుకుని ఏది వదలాలా అని చూశాను. ఏదీ వదలబుద్ధి కాలేదు. నా పని అలాంటిది. అట్టలో ఒక్క చిల్లు తప్పితే ఆ తప్పు చీర పొడుగునా వస్తూనే ఉంటుంది. అందుకని ఆరూ ఉండాల్సిందే అనుకున్నాను.

మొదటి అమావాస్యకు నడక, గురి చెప్పాను. రెండో అమావాస్యకు వేడి. రోబో ఎక్కువ కాలిస్తే కాగిపోతుంది, చల్లబడాలంటే నీళ్ళలో నిలబడాలి. పటంలో నేను గీసిన మన చిత్రావతి ఏటిని చూసి సుజాత పెదవి విరిచింది.

"దాంట్లో నీళ్ళు నువ్వెప్పుడు సూసినావక్కా? మన సిద్దమ్మ ఆడ నిలబడితే ఇసక తప్ప ఏముండాది?"

నవ్వి ఊరుకోవాల్సింది. ఎండిన వాగుకు వేరే రూలుందని నాలుగో పుస్తకం తీశాను.

మూడో అమావాస్యకు మరమ్మతులు. తెగిన చేతికి ఎన్ని రోజులు, ఏ మెకానిక్కుకు ఎంత నేర్పు, అన్నీ పట్టికలు. సుజాత సిద్దమ్మను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు విన్నది.

"అక్కా, ఇవి ఎప్పుడు కొట్లాడతాయి?"

"రూల్సు పూర్తిగా రాందే ఎట్లా ఆడతావు? తప్పుగా మొదలుపెడితే చివరిదాకా తప్పే."

"ఇంగా యుద్ధమే కాలేదు, రిపేరీ నేర్పిస్తాండావు."

నాకు కోపం వచ్చింది. ఇంగ్లీషు రూల్సన్నీ ఎంతో కష్టపడి తెలుగులో రాసి పెట్టానని, శ్రద్ధ లేనివాళ్ళకు చెప్పడం నాదే బుద్ధి తక్కువని అనేశాను. సుజాత బొమ్మను పటం మీద మెల్లగా పెట్టి, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళైందని వెళ్ళిపోయింది.

ఆ నెలంతా నన్ను నేను తిట్టుకున్నాను. మనిషి దొరికితే కూర్చోబెట్టి పాఠం చెప్పిన దద్దమ్మను నేనే. ఐదు పుస్తకాలూ బీరువాలో పడేశాను. సన్న పుస్తకాన్ని కూడా కుదించి, ఆడటానికి ఎంత కావాలో అంతే ఒక్క కాగితం మీద రాశాను. పదకొండు వరుసలు. అంతకంటే మంచి పని ఈ రెండేళ్ళలో చేయలేదు.

నాలుగో అమావాస్యకు సుజాత రాలేదు. వాళ్ళింటికి వెళితే మగ్గం గుంట మీద చెక్క పలక పరిచి ఉంది. గుంట మగ్గం గిట్టుబాటు కాక భార్యాభర్తలిద్దరూ ఊరి చివర మరమగ్గాల షెడ్డులో చేరారని లక్ష్మీపతి తల్లి సిద్దమ్మ చెప్పింది. కాగితం పట్టుకుని మిట్టమధ్యాహ్నం అక్కడికి నడిచాను. రేకుల కింద నాలుగు మగ్గాలు దడదడలాడుతున్నాయి. సుజాత రెండింటి మధ్య నిలబడి ఉంది.

"ఈ దినం అమావాస్య కదా," అన్నాను గట్టిగా.

"మరమగ్గానికి అమావాస్య యాడిదక్కా?"

"మరి సెలవు?"

"కరెంటు పోయినప్పుడు." నా చేతిలో కాగితం చూసి తీసుకుంది. పోగు తెగి ఒక మగ్గం ఆగితే, దాన్ని పట్టించుకోకుండా పదకొండు వరుసలూ నిలబడే చదివింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇది మొదట్నే ఇచ్చింటే మూడు ఆటలు అయిపోయింటాండె కదక్కా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని. ఆమెకు నిజంగా ఆడాలని ఉండిందని, మూడు నెలలూ ఆ కోరికతోనే వచ్చి కూర్చుందని అప్పుడు అర్థమైంది.  

సుజాత కాగితం నాకు తిరిగిచ్చి, తెగిన పోగు వెతికి పట్టుకుని అతికిస్తూ అడిగింది.

"ఒక్కరే ఆడుకునే రూలు లేదా దాంట్లో?"

"ఉండాది. ఒక లావు పుస్తకంలో."

"అది సదువుకో అక్కా. నాకోసరం ఎన్నాళ్ళని కాసుకుంటావు?"

ప్రేమగానే అంది. సరేనని తలూపి బయటికి వచ్చాను. ఒక్కరే ఆడుకునే ఆ అధ్యాయం నాకు రెండేళ్ళ కిందటే కంఠతా వచ్చేసింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.